తండా ఆగిన చోటు

ఇవాళ తెలంగాణలో తండా అంటే లంబాడీల ఊరు. నిజామాబాదు జిల్లా ఇందల్వాయి అడవి అంచున, గుట్టల వారన పది గడపలున్నా, రెండు వందల గడపలున్నా అది తండానే. మూడున్నర వందల ఏళ్ల కిందట మాత్రం ఈ మాటకు ఊరుతో పనిలేదు. బరువు మోసే ఎద్దుల బారు, దాని వెంట నడిచే ఆడామగా, పిల్లాజెల్లా, కుక్కలు, గుడారాలు, అన్నీ కలిస్తే తండా. అది పొద్దున లేచేది, సాయంత్రం ఆగేది, మర్నాడు మరో చోట ఉండేది. నడిచేదానికి పెట్టిన పేరు కదలనిదానికి ఎలా స్థిరపడిందన్నదే ఒక రకంగా ఈ జాతి చరిత్ర.

ఈ జనం తమను తాము గోర్ అనుకుంటారు. తమవాళ్లు కానివాళ్లందరూ కోర్. మిగతా పేర్లన్నీ ఎదుటివాళ్లు పెట్టినవే, వాటిలో చాలామటుకు వృత్తిని చూసి పెట్టినవి. బంజారా అనే మాటను వ్యాపారమనే అర్థమున్న సంస్కృతం ‘వణిజ్’ నుంచి కొందరు తీస్తారు. బియ్యం తెచ్చేవాడనే అర్థంలో ఫారసీ ‘బిరంజ్’ నుంచి మరికొందరు తీస్తారు. మొదటిదే నమ్మదగినది. లంబాడీ, లమాణీ అనే పేర్లను ఉప్పును చెప్పే ‘లవణం’తో కలుపుతారు. ఉప్పు వీళ్లు మోసిన సరుకుల్లో ముఖ్యమైనది కాబట్టి ఆ ఊహ మరీ కొట్టిపారేయదగ్గది కాదు. రాయలసీమలో వీళ్లు సుగాలీలు, కర్ణాటకలో లమాణీలు, మహారాష్ట్రలో బంజారాలు. ఇంగ్లిషు సైన్యాధికారుల ఉత్తరాల్లో బ్రింజారీలు. రాష్ట్రం మారితే పేరు మారుతుంది. ఇంటిలోపలి పేరు ఒక్కటే మారదు.

        గోల్కొండలో బంజారా దర్వాజా ఉన్నా, హైదరాబాదులో బంజారా హిల్స్ ఉన్నా, ఆ పేరు వెనక నిజంగానే వీళ్ల అడుగులున్నాయి.

బంజారాలు ఏ దారులు తొక్కారో తెలియాలంటే ఇందల్వాయి మంచి చోటు. ఉత్తరాది నుంచి, ఔరంగాబాదు వైపు నుంచి నాందేడు మీదుగా గోల్కొండకు వచ్చే పాత బాట ఇందూరు, అంటే నేటి నిజామాబాదు దాటి ఇందల్వాయి మీదుగా పోయేది. 1660ల్లో ఆ దారిన వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో ఇందల్వాయిని ప్రత్యేకంగా రాసుకున్నాడు. ఇక్కడ కత్తులు, బాకులు, బల్లేలు తయారవుతాయనీ, అవి దేశమంతటా అమ్ముడుపోతాయనీ, ఇనుము దగ్గరి కొండలోంచే తీస్తారనీ చెప్పాడు. కొలిమికి ఇనుము చుట్టుపక్కలే దొరికింది, కొనేవాళ్లు మాత్రం దూరదేశాల్లో ఉన్నారు. అలాంటి ఊరికి బాటే ప్రాణం.

ఆ కాలపు బాటల మీద బరువంతా ఎద్దు వీపున నడిచేది. వానాకాలం బండి చక్రం దిగబడే నల్లరేగడిలోనూ, రాళ్ల కనుమల్లోనూ ఎద్దుకు ఎదురులేదు. తెలుగునాట ఈ పని పెరికవాళ్లూ చేశారు. పెరికె అంటే ఎద్దు వీపుకు అటూ ఇటూ సమంగా వేలాడే జోడు సంచి. ఆ కులానికి పేరు ఆ సంచి నుంచే వచ్చింది. పెరికవాళ్లది ఒక ప్రాంతంలో సాగిన రవాణా అయితే, లంబాడీలది దేశం ఈ కొస నుంచి ఆ కొసకు సాగిన రవాణా. తమ భాషలో ఆ వృత్తిని లదేణి అన్నారు.

1632లో పీటర్ మండీ అనే ఇంగ్లిషు వ్యాపారి ఉత్తరాదిన ఒక తండాకు ఎదురుపడ్డాడు. అందులో 14,000 ఎద్దులు, అన్నిటి మీదా ధాన్యం. ఎద్దుకు క్వింటాలుంబావు చొప్పున లెక్కేసుకున్నా 1,750 టన్నులు, అంటే పది టన్నుల లారీలు 175. ఇందల్వాయి టోల్‌గేటు దగ్గర అన్ని లారీలు ఒకదాని వెనక ఒకటి ఆగితే ఎట్లుంటుందో ఊహించుకుంటే అప్పటి తండా ఎంతదో తెలుస్తుంది. ఆ తండాలు రోజుకు ఆరేడు మైళ్లకు మించి నడిచేవి కావు. అంత నెమ్మది నడకలోనే వాళ్ల లాభం దాగి ఉంది. ఎద్దు మేస్తూ నడుస్తుంది. మేత కొననక్కర్లేదు, కూలి ఇవ్వనక్కర్లేదు. కుటుంబమంతా వెంటే ఉంటుంది కాబట్టి ఇంటికి తిరిగి వెళ్లాల్సిన తొందరా లేదు. అందుకే తక్కువ ధర పలికే బరువైన సరుకులను, ధాన్యం, పప్పు, ఉప్పు లాంటివాటిని, వందల మైళ్లు తీసుకుపోయి అమ్మగలిగేది వాళ్లే. వజ్రాలను ఎవరైనా మోస్తారు. జొన్నలు మోసి బతకాలంటే మేత ఊరికే దొరకాలి.

గోల్కొండ వజ్రాల కోసం ఈ దేశానికి పలుమార్లు వచ్చిన ఫ్రెంచి వ్యాపారి తవెర్నియే ఈ జాతిని మనారీలని రాశాడు. వాళ్లలో నాలుగు తెగలున్నాయనీ, ఒక తెగ గోధుమలు మాత్రమే, ఒకటి బియ్యం మాత్రమే, ఒకటి పప్పులు, నాలుగోది ఉప్పు మాత్రమే మోస్తాయనీ అన్నాడు. పదిపన్నెండు వేల ఎద్దులు ఎదురైతే ఇరుకు దారిలో రెండుమూడు రోజులు ఆగక తప్పదని విసుక్కున్నాడు కూడా. రాథోడ్, పమార్, చౌహాన్, వడ్త్యా అని గోర్‌లలో నిజంగానే నాలుగు పెద్ద గోత్రాలున్నాయి. ఒక్కో గోత్రానికి ఒక్కో సరుకు అన్నంత చక్కని విభజన మాత్రం దుబాసీలు చెప్పిందాన్ని దొరవారు సర్దిరాసుకున్నట్టుగా ఉంది. నేడు తెలంగాణ ఓటర్ల జాబితాల్లో నిండుగా కనిపించే భూక్యా, బానోతు, గుగులోతు, ధరావత్, అజ్మీరా, మాలోతు వంటి ఇంటిపేర్లు ఈ గోత్రాల కొమ్మలే.

బారుకు ముందు నడిచే ఎద్దును హటాడియా అనేవారు. దాని వీపున గింజెడు బరువు కూడా వేసేవారు కాదు. మెడలో గంటలు, ఇత్తడి గొలుసులు, గవ్వల పట్టీలు, కొమ్ములకు ఎర్ర పట్టు పీలికలు. దేవుడికి విడిచిన ఎద్దది. ఎవరికైనా జబ్బుచేస్తే దాని కాళ్లకు మొక్కించేవారు. అది ఎక్కడ పడుకుంటే ఆ పూట విడిది అక్కడే. మూటలన్నీ దించి చుట్టూ గోడలా పేర్చి, లోపల మనుషులూ పశువులూ. తండా ఆగేచోటును నాయకుడు కాదు, ఎద్దు నిర్ణయించేదన్నమాట. 19వ శతాబ్దపు ఇంగ్లిషు రాతల్లో ఈ సంగతి నమోదైంది.

తండాలో నాయక్‌దే మాట. ఆయన పక్కన పనులు చూసే కారోబారి, సలహా చెప్పే డావ్. తగవులు తీర్చే పంచాయతీ పేరు నసాబ్. వంశావళిని పాటకట్టి గుర్తుపెట్టుకునే పని భాట్, ఢాడీలది. రాతలో లేని చరిత్ర వాళ్ల గొంతులో ఉండేది.

సైన్యాలకు లంబాడీలు లేనిదే పూట గడిచేది కాదు. మొగలాయిల దక్కను దండయాత్రల్లో తిండిగింజలు అందించింది వాళ్లే. భంగీ, జంగీ అనే ఇద్దరు నాయకులకు మొగలు వజీరు ఆసఫ్‌ఖాన్ రాగిరేకు మీద హామీ రాసిచ్చాడని గోర్‌లు చెప్పుకుంటారు. కుండలో నీళ్లు తాగొచ్చు, ఇంటికప్పు గడ్డి పీకి ఎద్దులకు వేయొచ్చు, రోజుకు మూడు ఖూనీలు మాఫీ అని అందులో ఉందట. వాళ్లకు లక్షా ఎనభై వేల ఎద్దులుండేవట. రేకు నిజమో కాదో తేల్చడం కష్టం గానీ, యుద్ధకాలంలో వాళ్లకున్న గిరాకీ మాత్రం నిజమే. 1791లో శ్రీరంగపట్నం మీదికి పోయిన కార్న్‌వాలిస్, 1803లో మరాఠాలతో తలపడిన ఆర్థర్ వెల్లెస్లీ ఇద్దరూ బ్రింజారీల ధాన్యం మీదే ఆధారపడ్డారు. యుద్ధంలో ఇరువైపులా అమ్ముకునే వీలు కూడా ఈ వ్యాపారులకుండేది. కడుపులు నింపేవాడిని చంపితే మర్నాడు పస్తే కదా!

ఆ వ్యాపారాన్ని చంపినవి యుద్ధాలు కావు, శాంతి. దేశమంతా ఒకే ఏలుబడిలోకి వచ్చాక సైన్యాల కదలిక తగ్గింది. ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది. అడవుల్లో మేతకు పుల్లరి మొదలైంది. మేత ఊరికే దొరికినన్నాళ్లే సాగిన లెక్క అక్కడే తప్పింది. మిగిలిన పని రైలు పూర్తిచేసింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలొచ్చింది. సికింద్రాబాదు నుంచి మన్మాడుకు వేసిన గోదావరి లోయ మీటరుగేజి దారి 1899-1901 మధ్య విడతలుగా తెరుచుకుంది. ఉప్పల్వాయి, సిర్నాపల్లి, ఇందల్వాయి, డిచ్‌పల్లి స్టేషన్లు ఆ దారిలోవే. ఎద్దులకు నెల పట్టే దూరం రైలుకు ఒక రాత్రి పని. 1923 నుంచి 1931 దాకా మంజీర మీద నిజాంసాగర్ కట్టారు. ఆ నీటితో చెరకు పెరిగింది, 1938 నాటికి బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ ఆడింది. జానకంపేట నుంచి బోధన్‌కు రైలు పాయ ఉండనే ఉంది. ఒకప్పుడు తండాలు మోసిన సరుకుల్లో పంచదార కూడా ఉండేది. బోధన్ చక్కెర మాత్రం లంబాడీ ఎద్దు వీపెక్కలేదు, ఫ్యాక్టరీ వచ్చేనాటికి ఆ బారే లేదు. మరాఠ్వాడా బంజారాలకు చక్కెరతో మరోరకం సంబంధం కలిసింది. ఏటా దసరా దాటాక కుటుంబాలతో సహా పశ్చిమ మహారాష్ట్రకు చెరకు నరకడానికి పోతారు. నడక పాతదే, మోసేది మాత్రం తమ సరుకు కాదు.

పనిపోయిన జాతికి పోలీసులు కొత్త పేరు పెట్టారు. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ తెగల చట్టం 1911 సవరణతో మద్రాసు వైపుకూ వచ్చింది. తిరుగుతూ బతికేవాడు దొంగే అయి ఉంటాడన్నది ఆ చట్టం వెనకున్న ఊహ. ఊళ్లోకొస్తే హాజరు వేయించుకోవాలి, కదిలితే చీటీ ఉండాలి. స్వాతంత్ర్యం వచ్చిన అయిదేళ్లకు, 1952 ఆగస్టులో దాన్ని రద్దు చేశారు. నిజాం రాజ్యంలో లంబాడీలు వ్యాపారం నుంచి పశువుల పెంపకానికి, అక్కడి నుంచి సేద్యానికి, కూలికి ఎలా జారారో చరిత్రకారుడు భంగ్యా భూక్యా 2010లో వచ్చిన తన ఇంగ్లిషు గ్రంథంలో వివరంగా రాశారు. ఆగిపోయిన తండాలకు దొరికింది అడవి అంచు భూమి. ఊరి మధ్య నేల అప్పటికే పంచుకోవడం అయిపోయింది. ఇందల్వాయి, సిరికొండ, ధర్పల్లి వైపు తండాలు గుట్టల పక్కన, కుంటల మీద, పెద్ద ఊరికి కాస్త ఎడంగా ఉండటానికి కారణం ఇదే. జనగామ వైపు ధర్మాపురం, మొండ్రాయి తండాల లంబాడీలు దొరలతో భూమి కోసం పోరాడి సాయుధ పోరాట చరిత్రకెక్కారు.

వేషం కూడా ప్రయాణం నేర్పిందే. కుచ్చుల లంగా పేట్యా, వీపున ముడులతో బిగిసే రవిక కాంచళి, తలమీద టుక్రి, వాటి నిండా అద్దాలు, గవ్వలు, నాణేలు. జుట్టుకు వేలాడే వెండి ఘుగ్రీలు పెళ్లయిన గుర్తు. దాచుకోవడానికి ఇల్లులేని జాతి ఆస్తిని ఒంటిమీదే మోసింది. ఇప్పుడు పండుగలకూ, పెళ్లిళ్లకూ తప్ప వయసులోవాళ్లు వేసుకోవడం తగ్గింది. పూర్తిగా ఆ వేషంలో కనిపించేది ఎక్కువగా ముసలమ్మలే.

తీజ్ పండుగ శ్రావణంలో తొమ్మిది రోజులు. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టీ ఎరువూ వేసి గోధుమలు చల్లి రోజూ నీళ్లు పోస్తారు. ఆ పండుగలోనే రేగుముళ్ల ఆట ఉంది. నానిన శనగలను పిల్లలు రేగుముళ్లకు గుచ్చబోతుంటే, బావ వరసవాళ్లు పక్కన నిలబడి కొమ్మను ఊపుతుంటారు. వేలికి ముల్లు దిగినా ‘అమ్మా’ అనకూడదు. ఎనిమిదో రోజు మట్టితో గణగోర్ బొమ్మలు చేస్తారు. తొమ్మిదో రోజు పచ్చగా పెరిగిన మొలకలు చెరువు చేరతాయి. గోధుమ ఇందల్వాయి నేల పంట కాదు, రాజస్థాన్ వైపు పంట. పాత నేలను ఏటా ఒక బుట్టలో మొలిపించుకోవడమే ఈ పండుగ. ఆషాఢంలో జరిగే సీత్లా పండుగ మాత్రం పశువుల క్షేమానికి. గొడ్డూ గోదా లేని ఇళ్లవాళ్లు కూడా దాన్ని మానలేదు.

ఇక భాష. గోర్‌బోలీ లంబాడీ ఇళ్లలో పలికే మాట. ద్రావిడ భాష కాదు, ఇండో-ఆర్య కుటుంబంలోది, రాజస్థానీకి దగ్గరిది. భాషావేత్త గ్రియర్సన్ 1907లో అచ్చేసిన భాషా సర్వేలో దీన్ని భీలీ, ఖాందేశీలతో ఒకే సంపుటంలో పెట్టాడు. హిందీలో ‘పానీ’ అయితే ఇక్కడ ‘పాణి’. హిందీలో ‘కాలా’ అయితే ఇక్కడ ‘కాళో’. మగ మాటల చివర ఓకారం, ణ, ళ ధ్వనులు రాజస్థానీ పోలికలు. తల్లి ‘యాడి’, రొట్టె ‘బాటి’, అన్నదమ్ముడు ‘భియా’. నీ పేరేంటని అడగాలంటే ‘తారో నాం కాంయి’. మూడు నాలుగు వందల ఏళ్లు తెలుగు, కన్నడ, మరాఠీల నడుమ తిరిగినా మాట చెదరలేదు. ఇందల్వాయి దగ్గరి తండా మనిషి, విదర్భ తండా మనిషి కలిస్తే కొద్దిపాటి తేడాలతో మాట్లాడుకోగలరు. దీనికి సొంత లిపి లేదు. తెలంగాణ, ఆంధ్రల్లో తెలుగు అక్షరాల్లో, మహారాష్ట్రలో దేవనాగరిలో, కర్ణాటకలో కన్నడ అక్షరాల్లో రాస్తారు. దానివల్ల ఒకే మాటలో మాట్లాడుకునే ఇద్దరు ఒకరి పుస్తకం ఒకరు చదవలేరు. 2011 జనాభా లెక్కల్లో లంబాడీ మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 32 లక్షలపైన. బంజారీ అని రాయించుకున్నవాళ్లు వేరే లెక్క, ఆ రెండూ ఆ లెక్కల్లో హిందీ కిందే చేరాయి. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో చేర్చాలన్న డిమాండు పాతదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో మొదలైన ప్రాథమిక బోధనలో బంజారా ఒకటి.

యూరప్ రోమాలు, అంటే జిప్సీలు, బంజారాల సంతతేనని చాలాచోట్ల వినిపిస్తుంది. రోమానీ భాష భారతదేశం నుంచి పోయిందన్నది నిజం. అయితే ఆ భాష విడిపోయి వెయ్యేళ్లు దాటింది, గోర్‌బోలీ పోలికలు తర్వాతి కాలపు రాజస్థానీవి. ఇద్దరూ సంచారులే, ఇద్దరి బట్టలూ రంగురంగులే అన్నంత మాత్రాన రక్తసంబంధం కలపలేం.

గోర్‌లందరూ ఒప్పుకునే గురువు సేవాలాల్. సంప్రదాయం ప్రకారం 1739 ఫిబ్రవరి 15న అనంతపురం జిల్లా గుత్తి దగ్గరి తండాలో పుట్టారు. సమాధి మహారాష్ట్ర వాశిం జిల్లా పోహ్రాదేవిలో ఉంది. రామనవమికి చుట్టుపక్కల రాష్ట్రాల తండాలన్నీ అక్కడికే కదులుతాయి. తిరుమల వెంకన్నతో పాచికలాడాడని కథలున్న హాథీరాం బావాజీని కూడా గోర్‌లు తమవాడే అంటారు. ఆయన పేరిటి మఠమే 1843 నుంచి 1933 దాకా తిరుమల ఆలయాన్ని నడిపింది.

హైదరాబాదులో వాళ్ల పేరు రెండు చోట్ల నిలిచింది. గోల్కొండ కోట ఎనిమిది దర్వాజాల్లో ఒకటి బంజారా దర్వాజా, కుతుబ్‌షాహీ సమాధుల వైపు తెరుచుకునేది. రెండోది బంజారా హిల్స్. రాళ్ల గుట్టలమీద లంబాడీలు తప్ప ఎవరూ ఉండని ఆ చోట నవాబు మెహదీ నవాజ్ జంగ్ బండరాళ్లను కలుపుకునే ఇల్లు కట్టుకున్నాడు. 1933లో హైదరాబాదు వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ బస అక్కడే. ఆ తర్వాత గుట్టలు గజాల్లోకి, గజాలు లక్షల్లోకి మారాయి. పేరు గుట్టల మీదే ఉండిపోయింది, పేరుగలవాళ్లు లేరు. 2022 సెప్టెంబరు 17న ఆ ప్రాంతంలోనే సేవాలాల్ బంజారా భవన్ తెరుచుకుంది.

ప్రభుత్వ లెక్కలోనూ ఈ జాతికి రాష్ట్రానికొక వర్గం. ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలు ముందే షెడ్యూల్డు తెగ. తెలంగాణ లంబాడీలకు ఆ హోదా 1976 చట్టంతో, 1977లో అమలై వచ్చింది. కర్ణాటకలో వాళ్లు షెడ్యూల్డు కులం, మహారాష్ట్రలో విముక్త జాతి. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న వియ్యంకుల పిల్లలకు రెండు రకాల సర్టిఫికెట్లు. మహారాష్ట్ర నుంచి వలసలు పెరిగాయన్న వాదన, ఉద్యోగాలన్నీ లంబాడీలకే పోతున్నాయన్న గోండు, కోయల ఫిర్యాదు 2017 చివర్లో ఉట్నూరు ఘర్షణల దాకా వెళ్లాయి. 2011 లెక్కల్లో తెలంగాణ గిరిజనులు 31.78 లక్షలైతే అందులో లంబాడీలే 20.44 లక్షలు. తగవు మూలం ఆ నిష్పత్తిలో ఉంది.

2018 పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా దాటిన తండాలు, గూడేలు సొంత గ్రామపంచాయతీలయ్యాయి. అంతకుముందు ఇందల్వాయి లాంటి పెద్ద ఊరి పంచాయతీలో ఒక వార్డుగా ఉన్న తండాకు సర్పంచి వచ్చాడు. పన్నుల బుక్కు, బోరుబావి, ఇంటినంబరు, రేషన్ షాపు వచ్చాయి. కొన్నిచోట్ల పంచాయతీ భవనం బోర్డు మీద తండా పేరు ముందు ఎవరో ఒక నాయక్ పేరుంటుంది. ఎద్దుల బారును తెచ్చి ఆ నేలమీద దించిన మనిషి పేరు అది.